ఆ పాపకు అన్నం పెట్టండి

 హోసూరు, బాగలూరు, తళి, డెంకణికోట, సూళగిరి, వేపనపల్లి, కృష్ణగిరి... ఈ ఊళ్లలో రేడియో దగ్గర కూర్చున్న అమ్మలకు, నాయనలకు, అవ్వలకు, తాతలకు ఒక మాట. ఆదివారం పొద్దున పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని పాఠం చెప్పే సండేస్కూలు టీచర్లకు మరీ ముఖ్యంగా. ఈరోజు మాట మీతోనే.

ఇవి శ్రమదినాలు. కొన్ని చర్చిల్లో లెంటు అంటారు. కథోలికులు తపస్సు కాలం అంటారు. బూడిద బుధవారంతో మొదలై ఈస్టరు ముందురోజుతో ముగుస్తాయి. నలభై రోజులు అని మనందరికీ తెలుసు. ఒక పని చేయండి. గోడమీద క్యాలెండరు దించి, బూడిద బుధవారం నుంచి ఈస్టరు ముందు శనివారం దాకా వేలితో లెక్కపెట్టండి. నలభై రావు. నలభై ఆరు వస్తాయి.

ఆ ఎక్కువ వచ్చిన ఆరు రోజులూ ఆదివారాలు. పెద్దలు వాటిని ఉపవాసం లెక్కలో కలపలేదు. ఎందుకంటే యేసు ప్రభువు లేచింది ఆదివారం. ఏడాదిలో ఏ ఆదివారమైనా ఆ తెల్లవారుజామునే తలుచుకుంటుంది. చుట్టూ పస్తుల కాలమే. మధ్యలో ఆదివారం మాత్రం పస్తు కాదు.

మరి మన పిల్లలకు సండేస్కూలు ఏ రోజు? ఆదివారమే కదా.

అంటే ఈ శ్రమకాలంలో ఉపవాసం అంటని ఆరు రోజులూ మన పిల్లల చేతిలోనే ఉన్నాయి. ఆ ఆరు రోజులూ వాళ్లకు ఏం చెబుతున్నాం? నేను చూసినంతలో, మేకుల గురించి చెబుతున్నాం. కొరడా గురించి, ముళ్లకిరీటం గురించి చెబుతున్నాం. సిలువ బొమ్మకు ఎర్రరంగు వేయిస్తున్నాం. అవన్నీ నిజాలే. వాటి వేళ వాటికి ఉంది. కానీ ఐదేళ్ల పాపను నిలబెట్టి, నువ్వు అబద్ధం ఆడావు కాబట్టే ఆయనకు మేకులు దిగాయి అని చెప్పడం నేను విన్నాను. ఆ పాప ఆ మాటను ఎక్కడ పెట్టుకోవాలి? ఆ బరువు మోసే భుజాలు ఆ పాపకు ఇంకా రాలేదు.

ఈ ఆరు ఆదివారాలూ ప్రాణం తిరిగొచ్చిన కథలు చెప్పండి. బైబిల్లో అవి తక్కువేం లేవు. నేను చెప్పదలచుకున్నది ఇదే. మళ్లీ మళ్లీ ఈ మాట దగ్గరికే వస్తాను. శ్రమకాలంలో పిల్లలకు ప్రాణం తిరిగొచ్చిన కథలు చెప్పండి.

ముందుగా ఒక కథ చెబుతాను. పెద్దలు కూడా పిల్లల్లా వినండి.

ఒక ఊళ్లో యాయీరు అని ఒకాయన ఉన్నాడు. సమాజమందిరానికి పెద్ద. ఊళ్లో గౌరవం ఉన్నవాడు. ఆయనకు ఒక్కతే కూతురు. పన్నెండేళ్లు. ఆ పాపకు జబ్బు చేసింది. చావుబతుకుల్లో ఉంది. యాయీరు తన పెద్దరికం పక్కన పెట్టి పరుగెత్తుకుంటూ వచ్చి యేసు కాళ్ల మీద పడ్డాడు. మా ఇంటికి రావయ్యా, నా బిడ్డమీద చెయ్యి పెట్టు అన్నాడు. యేసు బయల్దేరాడు.

దారిలో ఒకటే జనం. హోసూరు బస్టాండులో పండుగ ముందురోజు ఎలా ఉంటుందో అలా అనుకోండి. ఆ జనంలో ఒక తల్లి. పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్న మనిషి. ఆమె వెనకనుంచి వచ్చి ఆయన పైబట్ట ముట్టుకుంది. యేసు ఆగిపోయాడు. నన్ను ముట్టుకున్నది ఎవరు అని అడుగుతున్నాడు. ఆమెతో మాట్లాడుతున్నాడు. పక్కన యాయీరు నిలబడే ఉన్నాడు. అక్కడ బిడ్డ పోతోంది, ఇక్కడ ఈయన ఆగాడు. ఆ నాయన గుండె ఎలా కొట్టుకుందో పిల్లల్ని అడగండి. వాళ్లకు తెలుసు. వాళ్లు చెబుతారు.

అంతలో ఇంటి దగ్గర్నుంచి మనుషులు వచ్చారు. పాప పోయింది, ఇంక బోధకుణ్ణి శ్రమ పెట్టడం దేనికి అన్నారు. యేసు మాత్రం యాయీరువైపు తిరిగి భయపడొద్దు అన్నాడు. ఇంటికి వెళ్లారు. ఇల్లంతా ఏడుపులు, గోల. పాప నిద్రపోతోంది అన్నాడాయన. జనం నవ్వారు. వాళ్లందరినీ బయటికి పంపేశాడు. అమ్మనూ నాయననూ ఉంచుకున్నాడు. తన శిష్యుల్లో ముగ్గురిని ఉంచుకున్నాడు. ఆ పాప చెయ్యి పట్టుకుని, లెమ్మన్నాడు. పాప లేచింది. లేచి నడిచింది.

ఇక్కడ మనం సాధారణంగా కథ ఆపేస్తాం. అందరూ ఆశ్చర్యపోయారు, ప్రార్థన చేసుకుందాం అంటాం. కానీ కథ ఇంకా అవలేదు. ఇంకొక్క మాట ఉంది. నా దృష్టిలో పిల్లలకు అన్నిటికంటే దగ్గరయ్యేది ఆ మాటే. ఈ పాపకు తినడానికి ఏమైనా పెట్టండి అన్నాడు యేసు.

చూడండి. చావిల్లంటే ఏమిటో మనకు తెలుసు. చావింట పొయ్యి వెలగదు. పక్కింటివాళ్లు, చుట్టాలు వండి తెచ్చి పెడతారు. ఏడ్చేవాళ్లు గుంపుగా చేరారంటే యాయీరు ఇల్లు కూడా అప్పటికే చావిల్లు. ఆ ఇంట్లో నిలబడి ఆయన బిడ్డకు అన్నం పెట్టమన్నాడు. ఆ తల్లి కళ్లు తుడుచుకుని వంటింట్లోకి వెళ్లి ఉంటుంది. పొయ్యి రాజేసి ఉంటుంది. మన పిల్లలకు పునరుత్థానం అనే పెద్దమాట తెలియదు. ఆకలి తెలుసు. అమ్మ పళ్లెంలో అన్నం పెట్టడం తెలుసు. ప్రాణం వచ్చింది, వెంటనే అన్నం. ఇది వాళ్ల చేతికి అందుతుంది.

ఇది గమనించాక మిగతా కథలు చూస్తే నాకు ఆశ్చర్యం వేసింది. ప్రాణం తిరిగొచ్చిన చోటల్లా దాదాపు అన్నం కూడా ఉంది.

సారెపతు విధవరాలి కథ తీసుకోండి. కరువు రోజులు. వాన లేదు. ఏలీయా ప్రవక్త తన దేశం దాటి, సీదోను దేశంలో సారెపతు అనే ఊరికి వచ్చాడు. ఊరి వాకిట ఒక తల్లి పుల్లలు ఏరుకుంటోంది. ఇంట్లో గుప్పెడు పిండి, అడుగంటిన నూనె. ఆ కొంచెం వండుకుని నేనూ నా కొడుకూ తిని, ఆ తర్వాత చావడమే అని చెప్పింది. మన పిల్లలకు చెప్పేటప్పుడు అది రాగిపిండి అనండి. తప్పేం లేదు. రాగిముద్ద తిని పెరిగిన పిల్లలకు గుప్పెడు రాగిపిండి అంటే ఎంతో తెలుసు. ఒక్క ముద్దకు సరిపోతుంది. వెయ్యి అడుగులు వేసినా బోరులో నీళ్లు పడని ఏడాది ఎలా ఉంటుందో వాళ్ల తాతకు తెలుసు.

ఆ పిండి అయిపోలేదు, నూనె తరగలేదు. ఇది అందరం చెబుతాం. కానీ ఆ కథలో రెండో సగం ఉంది. అది చాలామంది వదిలేస్తారు. ఆ పిండి తిని బతికిన పిల్లవాడే తర్వాత జబ్బుపడి చనిపోయాడు. ఆ తల్లి ప్రవక్తమీద విరుచుకుపడింది. ఏలీయా ఆ బిడ్డను ఆమె ఒడిలోంచి తీసుకుని మేడగదిలోకి మోసుకెళ్లాడు. దేవుణ్ణి నిలదీసినట్టు ప్రార్థించాడు. బిడ్డకు ఊపిరి వచ్చింది. కిందికి తెచ్చి అమ్మకు ఇచ్చాడు. ఈ రెండో సగం వదలకండి. మేలు జరిగిన ఇంట్లో కూడా దుఃఖం వస్తుందని, ఆ దుఃఖంలో దేవుడిమీద కోపం కూడా వస్తుందని పిల్లలకు తెలియాలి. ఆ కోపం విని దేవుడు ఆమెను శిక్షించలేదని కూడా తెలియాలి.

ఇంకొక సంగతి. ఏలీయా ఆ ఊరివాడు కాదు. ఆ తల్లి ఆయన దేశస్తురాలు కాదు. సరిహద్దు అవతల జరిగిన కథ ఇది. మనం సరిహద్దు మనుషులం. ఒక పక్క కర్ణాటక, ఒక పక్క ఆంధ్ర, ఉంటున్నది తమిళనాడు. ఒకే వీధిలో మూడు భాషలు. ఆ కథలోని సరిహద్దు మన పిల్లలకు వెంటనే అర్థమవుతుంది.

షూనేములో ఒక పిల్లవాడి కథ ఉంది. ఎలీషా ప్రవక్త కాలంలో. కోతల రోజుల్లో పొలానికి వెళ్లి, నాయన దగ్గర తలనొప్పి అన్నాడు. అమ్మ ఒళ్లో మధ్యాహ్నానికి చనిపోయాడు. ఎలీషా వచ్చి ప్రార్థించాక వాడు ఏడుసార్లు తుమ్మి కళ్లు తెరిచాడు. ఏడు తుమ్ములు! పిల్లలతో తుమ్మించండి. ఒకటి, రెండు అని లెక్కపెట్టించండి. నవ్వనివ్వండి. చర్చిలో నవ్వకూడదు అని ఎవరైనా అంటే, ఆ రోజు షూనేములో ఆ తల్లి నవ్వి ఉండదా అని అడగండి.

ఇక లాజరు. నాలుగు రోజులు సమాధిలో ఉన్న మనిషి. కథోలిక చర్చిల్లో మూడేళ్లకు ఒకసారి, తపస్సు కాలం ఐదో ఆదివారం ఈ కథ చదువుతారు. సమాధి దగ్గర యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడు. పిలిస్తే లాజరు బతికి బయటికి వచ్చాడు. అందరికీ తెలిసిన సంగతే. తర్వాత కొంతకాలానికి లాజరు ఊరు బేతనియలో విందు జరిగింది. లాజరు తోబుట్టువు మార్త వడ్డిస్తోంది. లాజరు పంక్తిలో కూర్చుని ఉన్నాడు. ఆ మర్నాడే యేసు యెరూషలేముకు వెళ్తే జనం ఖర్జూరపు మట్టలు పట్టుకుని ఎదురొచ్చారు. అంటే మన మట్టల ఆదివారం ముందురోజు. పిల్లలు కొబ్బరాకు చీల్చి సిలువలు అల్లుతూ ఉంటారు కదా. ఆ అల్లేటప్పుడే చెప్పండి. చేతులు పనిలో ఉంటే చెవులు బాగా వింటాయి. చచ్చి బతికినవాడు పంక్తిలో కూర్చుని భోంచేస్తున్నాడు. మళ్లీ అన్నం!

మీకు ఒక అనుమానం వచ్చి ఉంటుంది. చావు మాట లేకుండా తీపి కథలే చెప్పమంటున్నాడా ఈయన అని. కాదు. అసలు కాదు. నేను చెప్పిన ప్రతి కథలోనూ చావు ఉంది. దాన్ని దాచొద్దు. దాచినా పిల్లలకు తెలుసు. కోవిడ్ ఏళ్లలో అవ్వను, తాతను పోగొట్టుకున్న పిల్లలు మన మధ్య ఉన్నారు. మన ఊళ్లమీదుగా పోయే జాతీయ రహదారిమీద రాత్రి ప్రమాదంలో నాయనను పోగొట్టుకున్న పిల్లలు ఉన్నారు. వాళ్లు యాయీరు కూతురి కథ విని ఒక ప్రశ్న వేస్తారు. మా తాత ఎందుకు లేవలేదు?

ఈ ప్రశ్న వస్తుందనే కొందరు టీచర్లు ఆ కథ జోలికే వెళ్లరు. నేను అనేది, ఆ ప్రశ్న రావాలి. వచ్చినప్పుడు తొందరపడి జవాబు చెప్పొద్దు. తాతకు విశ్వాసం చాలలేదు అని మాత్రం ఎన్నడూ చెప్పొద్దు. ఆ మాట ఆ పిల్లను జీవితాంతం కొరుకుతుంది. తాత గురించి చెప్పమనండి. తాత ఏం తినేవాడు, ఏం పాట పాడేవాడు అని అడగండి. తర్వాత, మనం తాతను మట్టిలో పెట్టింది ప్రభువు చేతిలో పెట్టినట్టే అని, ఈస్టరు తెల్లవారుజాము మాట తాతకు కూడా వర్తిస్తుందని, మనం ఎదురుచూస్తున్నామని చెప్పండి. ఎదురుచూడడం పిల్లలకు తెలుసు. టైటాన్‌లో, టీవీఎస్‌లో, అశోక్ లేలాండ్‌లో రాత్రి షిఫ్టుకు వెళ్లిన నాయన కోసం వాళ్లు ఎదురుచూసే ఉంటారు.

ఈ ఎదురుచూపు మన కృష్ణగిరి నేలకు కొత్త సంగతి కాదు. అమెరికాలోని మిస్సోరి లూథరన్ సంఘం విదేశాల్లో చేసిన మొట్టమొదటి మిషను పని మొదలైంది కృష్ణగిరిలోనే. 1895లో థియోడోర్ నేథర్ అనే మిషనరీ ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాడు. తర్వాత ప్లేగు రోజులు వచ్చాయి. 1904లో ఆ ప్లేగుతోనే ఆయన కృష్ణగిరిలో చనిపోయాడు. చచ్చినవాళ్లు లేస్తారని ఊరూరా చెప్పిన మనిషి. ఆయన మంచం దగ్గర ఆ అద్భుతం జరగలేదు. అయినా ఆ సంఘం మూతపడలేదు. మరుసటి ఏడాదీ మట్టల ఆదివారం వచ్చింది, ఈస్టరూ వచ్చింది. ఈరోజు ఇండియా ఇవాంజెలికల్ లూథరన్ చర్చి అని మనం పిలిచే సంఘానికి మొదలు అక్కడే. పెద్దపిల్లలకు ఈ సంగతి చెప్పండి. ప్రాణం తిరిగొచ్చిన కథలు నమ్మినవాళ్లు కూడా చనిపోయారు. చనిపోతూ కూడా ఆ కథలను వదల్లేదు.

ఇప్పుడు శుక్రవారం సంగతి. మంచి శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలపాటు ఆరాధన. సిలువమీద యేసు పలికిన ఏడు మాటలమీద ఏడు ప్రసంగాలు. ఎండ. చిన్నపిల్లలు వెనక చాపమీద నిద్రపోతారు, లేదా భయపడుతూ కూర్చుంటారు. వాళ్లకు సిలువ కథ చెప్పండి. కానీ గాయాలను వర్ణించవద్దు. ఆయన పక్కనే అమ్మ నిలబడి ఉందని చెప్పండి. ఆ బాధలో కూడా తన అమ్మను ఎవరు చూసుకోవాలో చూసి అప్పగించాడని చెప్పండి. తర్వాత మెత్తటి బట్టలో చుట్టి, తోటలో కొత్త సమాధిలో పెట్టారని చెప్పండి. చెప్పాక, ఇంకా ఉంది అనండి. ఈ మాట మరిచిపోకండి. శుక్రవారం రాత్రి బిడ్డను పడుకోబెట్టేటప్పుడు, కథ ఇంకా ఉంది అని చెప్పి పడుకోబెట్టండి.

శనివారం బైబిల్లో దాదాపు ఏమీ లేదు. ఆ రోజు పిల్లలు అడుగుతారు, ఈరోజు ఏం జరిగింది అని. ఆయన మనుషులు దుఃఖంలో ఉన్నారు అని చెప్పండి. అంతే చాలు. ఆ ఖాళీ రోజును నింపడానికి మనం ఏమీ కల్పించక్కర్లేదు.

ఆదివారం తెల్లవారుజామున యేసు శిష్యురాలు మగ్దలేనే మరియ సమాధి దగ్గరికి వచ్చింది. ఏడుస్తోంది. ఒక మనిషి కనబడ్డాడు. తోటమాలి అనుకుంది. ఈ ఒక్క ముక్క హోసూరు పిల్లలకు చెప్పి చూడండి. మన చుట్టూ గులాబీ తోటలు. ఫిబ్రవరి నెలలో మన గులాబీలు విమానాలెక్కి దేశాలు దాటి పోతాయి. ఆ పూలు కోసేది, కట్టలు కట్టేది వీళ్ల అమ్మలు, అక్కలు. చేతినిండా ముల్లు గీతలు. లేచిన ప్రభువును మొట్టమొదట చూసిన మనిషి ఆయన్ను తోటపనివాడు అనుకుంది అని చెబితే, ఆ తోటల్లో పనిచేసే అమ్మల పిల్లలు వెన్ను నిటారుగా పెట్టి వింటారు. అదే నాకు కావలసింది.

ఆ సాయంత్రం ఇద్దరు శిష్యులు ఎమ్మాయుకు నడిచి వెళ్తున్నారు. హోసూరు నుంచి బాగలూరు ఎంత దూరమో ఇంచుమించు అంత. దారంతా యేసు పక్కనే నడిచాడు, గుర్తుపట్టలేదు. ఇంటికి వెళ్లి భోజనానికి కూర్చున్నారు. రొట్టె విరిచి ఇచ్చాడు. అప్పుడు గుర్తుపట్టారు. మళ్లీ అన్నం దగ్గరే.

ఆ రాత్రే మిగతా శిష్యులకు కనబడితే, వాళ్లు భూతం అనుకుని వణికిపోయారు. పిల్లలకు ఈ ఘట్టం మహా ఇష్టం. అప్పుడాయన చేతులు కాళ్లు చూపించాడు. అయినా నమ్మలేదు. మీ దగ్గర తినడానికి ఏమైనా ఉందా అని అడిగాడు. కాల్చిన చేపముక్క ఇచ్చారు. వాళ్లముందే తిన్నాడు. దయ్యమైతే తినదు కదా అని పిల్లలే చెబుతారు. మీరు చెప్పక్కర్లేదు.

తర్వాత ఒక పొద్దున తిబెరియ సముద్రపు ఒడ్డున. శిష్యులు రాత్రంతా వల వేసినా ఏమీ పడలేదు. తెల్లవారాక ఒడ్డున ఎవరో నిలబడి ఉన్నారు. ఆయన చెప్పిన పక్క వల వేస్తే నూట యాభైమూడు చేపలు. అక్కడ ఉన్నది ప్రభువే అని తెలియగానే వాళ్లలో పేతురు నీళ్లలోకి దూకేశాడు. ఒడ్డుకు వస్తే అక్కడ నిప్పులు రాజేసి ఉన్నాయి. నిప్పులమీద చేప. పక్కన రొట్టె. రండి, తినండి అని పిలిచాడు. మన కృష్ణగిరి కె.ఆర్.పి. డ్యాము దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు ఈ కథ చెప్పండి. అక్కడ చేపలు వేయించే అంగళ్ల వాసన వస్తూనే ఉంటుంది. సమాధి దాటి వచ్చిన దేవుడు తన స్నేహితులకు పొద్దుటి టిఫిను వండి పెట్టాడు. ఇంతకంటే దగ్గరగా, ఇంతకంటే తేలికగా ఆ సంగతి పిల్లలకు ఎవరు చెప్పగలరు?

ఇక భాష మాట. మన పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. చదవడం వేరే. 2006లో వచ్చిన చట్టంతో ఒకటో తరగతి నుంచి ఏడాదికి ఒక తరగతి చొప్పున బడిలో తమిళం తప్పనిసరి మొదటి భాష అయింది. తమిళం మంచి భాష, మన పిల్లలు నేర్చుకోవాల్సిందే. అయితే తెలుగు అక్షరాలు రాని తెలుగు పిల్లలు చాలామంది అయ్యారు. వాళ్ల చేతికి తెలుగు బైబిలు ఇచ్చి చదవమంటే నత్తి వస్తుంది. నలుగురిలో సిగ్గుపడతారు. ఆ సిగ్గు కథను మింగేస్తుంది. కాబట్టి చదివించకండి. చెప్పండి. అవ్వ ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పండి.

తెలుగులో సువార్తలు అచ్చయి రెండు వందల ఏళ్లు దాటింది. 1812లో సీరాంపూర్‌లో మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగులో అచ్చు వేశారు. యాయీరు కూతురి కథ ఆ మూడింట్లోనూ ఉంది. కానీ ఆ పుస్తకం చేతికి అందిన వాళ్లు ఎంతమంది ఉంటారు? అక్షరం రాని మన ముత్తవ్వలు ఈ కథలను చెవితో విన్నారు, నోటితో చెప్పారు. కథ చెప్పడంలో ఈ నేలకు పేరు కూడా ఉంది. రామాయణ భారతాలను పిల్లలకు కూడా అర్థమయ్యే మాటల్లో తిరిగి చెప్పిన రాజాజీ 1878లో పుట్టింది హోసూరు పక్కన తొరపల్లిలోనే.

కథను కథగా చెప్పండి. చివర నీతి అతికించవద్దు. దీనివల్ల మనం నేర్చుకున్నది ఏమిటి అని వెంటనే అడగొద్దు. రెండు నిమిషాలు ఊరకే ఉండండి. ఎవరో ఒకరు ఏదో అడుగుతారు. యాయీరు పాపకు ఏం వండారు అని అడగొచ్చు. నవ్వకండి. మంచి ప్రశ్న అది. మీరైతే ఏం వండేవారు అని ఎదురు అడగండి. ఒకరు రసం అన్నం అంటారు. ఒకరు గుడ్డు అంటారు. ఆ మాటల్లో ఆ పాప మన వీధి పాప అయిపోతుంది.

చేతికి పని కావాలంటే కొబ్బరిచిప్పలో మట్టి పోసి రాగులు చల్లించండి. గింజ మట్టిలో పడి చస్తేనే పంట అని యేసు చెప్పాడు. నాలుగైదు రోజుల్లో మొలక కనబడుతుంది. ఆలోగా పిల్లలు మట్టి తవ్వి చూస్తారు. తవ్వనివ్వండి.

ఇంకొకటి, మన తెలుగు సంఘాల్లో పాతకాలం నుంచి ఉన్నది. పిడికెడు బియ్యం. వంటకు బియ్యం కొలిచినప్పుడు ఒక పిడికెడు తీసి పక్కన కుండలో వేయడం. శ్రమకాలంలో ఈ పిడికిలి పిల్లలది కావాలి. చిన్న పిడికిలి, కొన్ని గింజలే పడతాయి. ఫరవాలేదు. రోజూ వేయించండి. సారెపతు తల్లి గుప్పెడు పిండి కథ ఆ కుండ దగ్గరే చెప్పండి.

ఈస్టరు ముందు వారం ఆ బియ్యం ఏం చేయాలి? మీ ఊళ్లో, మీ వీధిలో ఈ ఏడాది చావు చూసిన ఇల్లు ఒకటి ఉంటుంది. ఏ మతం వాళ్లైనా సరే. ఆ బియ్యం వండండి. గిన్నె మీరు మోయకండి, పిల్లల చేత మోయించండి. పునరుత్థానం గురించి వాళ్లకు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. అన్నం పెట్టి, ఆ ఇంట్లో పోయినవాళ్ల పేరు ఒకసారి అడిగి, విని రండి. మన పిల్లలకు ఈ శ్రమకాలంలో అంతకంటే మంచి సండేస్కూలు పాఠం నాకు తెలియదు.

క్రైస్తవులు కాని శ్రోతలు కూడా ఈ మాటలు ఓపిగ్గా విన్నారు. మీకు కృతజ్ఞతలు. చాలా ఏళ్లలో మీ ఉగాది మా శ్రమకాలంలోనే వస్తుంది. పచ్చడి గిన్నె మా ఇళ్లకూ వస్తుంది. మా పిల్లలు గిన్నెతో మీ గడప దగ్గరికి వస్తే, వాళ్లను లోపలికి పిలవండి. మీ అవ్వ చెప్పే కథ ఒకటి వాళ్లకూ చెప్పండి.

సండేస్కూలు టీచర్లకు చివరిగా ఒక మనవి. వచ్చే ఆదివారానికి మార్కు సువార్త ఐదో అధ్యాయం తీసి, యాయీరు కథ మీరు ముందుగా రెండుసార్లు చదువుకోండి. చదివాక పుస్తకం మూసి, పిల్లల కళ్లలోకి చూస్తూ చెప్పండి. పాప లేచిన చోట ఆపకండి. అన్నం దాకా చెప్పండి.